మా మరిది గారి నీలం జెండాలు

మా మరిది బోర్డులు రాస్తాడు. బట్టల కొట్టు, మందుల కొట్టు, టైర్ల కొట్టు, ఏ కొట్టు నెత్తిన చూసినా అతని అక్షరాలే. ఒక్కో అక్షరం నా ఎత్తుంటుంది, నిచ్చెనెక్కి రాయాలి. పగలంతా అలా ఏనుగులంత అక్షరాలు రాసి వచ్చి, సాయంత్రం కాళ్ళూ చేతులూ కడుక్కుని, కంటికి భూతద్దం బిగించుకుని, గోరంత జెండా ముందు కూర్చుంటాడు. ఊపిరి బిగబట్టి దాని మీద సింహం వేస్తాడు. ఆ సింహం చీమకన్నా చిన్నది. అయినా దానికి ఎర్రటి నాలుక కూడా ఉంటుంది. నాలుక లేకపోతే ఎవరేమంటారయ్యా అని అడిగాను ఒకసారి.

"రాజుగారు ఒప్పుకోడు వదినా" అన్నాడు.

ఏ రాజుగారు? ఆయన పోయి రెండున్నర వందల ఏళ్ళయింది.

విషయం ఏమిటంటే, మా మరిదికి ఒక సైన్యం ఉంది. సీసంతో పోసిన సిపాయిలు, ఒక్కొక్కడు నా చిటికెన వేలిలో సగం ఉంటాడు. పద్దెనిమిదో శతాబ్దంలో ఎక్కడో ఇద్దరు రాజులు కొట్టుకున్నారట. ఎందుకు కొట్టుకున్నారో అతను నాకు రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ నాకు నిద్రొచ్చింది. ఆ కొట్లాటనే ఇప్పుడు వీళ్ళు బల్ల మీద మళ్ళీ ఆడతారు. టేపు పట్టి కొలుచుకుంటూ దండులను ముందుకు జరుపుతారు, పాచికలు వేసి ఎవడు చచ్చాడో తేల్చుకుంటారు. అందరూ మీసాలు నెరిసిన మగవాళ్ళే. మీకు నవ్వొస్తే నవ్వుకోండి, నేను నవ్వీ నవ్వీ అలసిపోయాను.

సిపాయిల మొహాలు అతనికి పట్టవు. వాటికి కళ్ళున్నా లేకున్నా ఒకటే. జెండాల దగ్గరే ఉంది పట్టింపంతా. పల్చటి కాగితం మీద జెండా రెండు వైపులూ పక్కపక్కనే గీస్తాడు, తెరిచిన పుస్తకంలో రెండు పేజీల్లాగా. మధ్యలో కర్రకి చోటు వదులుతాడు. కర్రంటే గుండుసూదిలాంటి తీగ. సింహం ఎప్పుడూ కర్ర వైపే చూడాలట. అందుకని రెండు సింహాలూ ఆస్తి తగాదాలో అన్నదమ్ముల్లా ఒకదాన్నొకటి గుర్రుగా చూసుకుంటూ ఉంటాయి. రంగు ఆరాక జిగురు రాసి కర్ర చుట్టూ మడిచి అతికిస్తాడు. జిగురు తడిగా ఉండగానే పుల్ల మీద ఒత్తి, గాలికి ఎగురుతున్నట్టు అలలు తెస్తాడు. ఆపైన కత్తిరించిన అంచు తెల్లగా కనపడకూడదని దానికీ రంగు పూస్తాడు. ఆ అంచు ఎంత లావనుకున్నారు? కాగితం ఎంత లావో అంత.

ఈ జిగురు ఆరేలోపు ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు, తలుపు గట్టిగా వేయకూడదు, ఫ్యాను ఊసెత్తకూడదు. మేము కింద ఉంటాం, వాళ్ళు మేడ మీద ఉంటారు. కింద మా ఆయన గురక పెట్టినా పైన జెండా వణుకుతోందని కబురొచ్చేది. మా తోడికోడలు, అంటే ఈ మహానుభావుడి భార్య, ఒకసారి ఆ సమయంలోనే మిరపకాయలు వేయించింది. అతను తుమ్మిన తుమ్ముకి ఎగిరిపోయిన జెండా ఈ రోజుకీ దొరకలేదు. పొయ్యిలో పడి ఉంటే బాగుండునని ఆవిడ ఆశ.

ఫర్నిచర్ కొట్టు పైన ఒక హాలుండేది, అదే వీళ్ళ క్లబ్బు. దానికి పెద్ద, గడియారాలు బాగుచేసే ముసలాయన. ఆయనకి సరిగ్గా వినిపించదు, అందుకే అందరూ కలిసి ఆయన్నే పెద్దని చేసుకున్నారు. ఆ క్లబ్బులో ఒక రూలుంది. యుద్ధం మొదలయ్యే ముందు ప్రతి దండు జెండానీ తనిఖీ చేస్తారు. రంగు గాని, బొమ్మ గాని తప్పయితే ఆ దండు బల్ల ఎక్కదు. రూలు పెట్టింది మా మరిది. తనిఖీ చేసేదీ మా మరిదే. భూతద్దం పెట్టి చూసి "దించండి" అన్నాడంటే ఇక దించాల్సిందే. ఇంట్లో అతని మాటకి కుర్చీలో పిల్లి కూడా లేచేది కాదు. క్లబ్బు మెట్లెక్కితే మాత్రం ఒక్క మాటకి దండులకు దండులే దిగిపోయేవి. ఆ ఒక్క మాట అనడం కోసమే వారమంతా నిచ్చెన మీద నిలబడేవాడని నా అనుమానం.

ఇక పళ్ళ డాక్టరు సంగతి. మా మరిదీ, డాక్టరూ ఒకే బెంచి మీద కూర్చుని ఒకేసారి ఫెయిలయ్యారు. ఒకడు మళ్ళీ చదివి డాక్టరయ్యాడు, ఒకడు కుంచె పట్టాడు. ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్ళు. ఇవతలి రాజు సైన్యం మా మరిదిది, అవతలి రాజు సైన్యం డాక్టరుది. రెంటినీ పూర్తిగా తయారుచేసి, ఆ రాజుల పెద్ద యుద్ధాన్ని ఒక్కసారి నిండుగా ఆడాలన్నది ఇద్దరి కల. ఈ కల కోసం ఇద్దరి పెళ్ళాలూ ఎన్ని ఆదివారాలు వదులుకున్నారో వాళ్ళకే తెలుసు.

అలాంటి రోజుల్లో డాక్టరు కొత్తగా ఒక దండుని తయారుచేసి తెచ్చాడు. జెండా ఆకుపచ్చ.

"ఇదేం రంగురా?" అన్నాడట మా మరిది.

"ఆకుపచ్చ. కళ్ళు కనపడట్లేదా?"

"ఆ దండు జెండా నీలం."

"ఎవడు చెప్పాడు?"

"జెండాయే చెప్పింది. అసలు జెండా ఇప్పటికీ వాళ్ళ మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది. నా పుస్తకంలో ఫోటో చూడు, నీలంగా లేదూ?"

"ఆకుపచ్చ పట్టు జెండా ఇచ్చామని ఆ కాలం వాళ్ళే రాసిపెట్టారురా బాబూ."

"రాసినవాడు తాగి రాసుంటాడు. గుడ్డ తాగదుగా! దించండి."

ఒరేయ్ అని పిలిచే స్నేహితుణ్ణి పదిమందిలో "దించండి" అనేసరికి డాక్టరు మొహం మాడిపోయింది. దండుని దింపి, డబ్బాలో దూది పరిచి సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరికొకరు "గారు" అయిపోయారు. దారిలో ఎదురైతే ఎంత మర్యాదగా పలకరించుకునేవారంటే, చూసేవాళ్ళకి భయం వేసేది. మా మరిదికి దవడ పన్ను పుచ్చితే కూడా ఆ గుమ్మం తొక్కలేదు, ఒక పక్కే నమలడం నేర్చుకున్నాడు.

ఏళ్ళు గడిచాయి. తన సైన్యం జెండాలన్నీ ఒక్కటొక్కటిగా పూర్తిచేసుకున్నాడు మా మరిది. పుస్తకంలో మాట ఒకలా, మ్యూజియం ఫోటో ఒకలా ఉంటే ఫోటోనే నమ్మాడు. సైన్యం సిద్ధం. శత్రువే లేడు.

అప్పుడు ఫర్నిచర్ కొట్టాయన హాలు ఖాళీ చేయమన్నాడు, పరుపులు పెట్టుకోవడానికి. గడియారాల ముసలాయన మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

"పోయేలోపు ఆ పెద్ద యుద్ధం ఆడేద్దామయ్యా. డాక్టరుని అడిగాను. వస్తానన్నాడు. కానీ ఆ ఆకుపచ్చ దండుని బల్ల మీద నిలబెట్టనిస్తేనే వస్తాడట."

"నీలం వేసుకొస్తే నిలబెట్టనిస్తానని చెప్పండి."

"ఆఁ?"

"నీలం! నీలం!"

"నీలమ్మ ఎవరు?" అన్నాడు ముసలాయన. మా ఆయన నవ్వాపుకోలేక లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మొత్తానికి ముసలాయనకి అర్థమయ్యేలా అరిచి చెప్పింది ఏమిటంటే, డాక్టరుగారు లేకపోయినా యుద్ధం జరుగుతుంది, అవతలి పక్షానికి కూడా దండులు మా మరిదే ఇస్తాడు. పాతవి ఏవో ఉన్నాయట, కుర్రతనంలో చేసినవి. అందులో వేరే రాజ్యానిది ఒక ఆకుపచ్చ జెండాల దండు ఉండాలి. అది ఏ డబ్బాలో ఉందో వెతకడానికి పైకి వెళ్ళాడు. కాసేపటికి పైనుంచి కేక వినిపించింది. దొంగలు పడ్డారేమోనని నేను చేతిలో ఉన్న గరిటెతో సహా మెట్లెక్కాను.

ఆ దండు డబ్బాలో లేదు. మేడ మీద కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా మా తోడికోడలు ఆ సిపాయిలను అడ్డం పెట్టుకుంది. సీసం కదా, బరువుంటాయి. ఎన్నాళ్ళ నుంచి పెట్టుకుందో ఆవిడకే గుర్తులేదు.

"నా జెండాలకి నీలం పూసిందెవరు?" అని గంతులేస్తున్నాడు ఈయన.

"నేనే పూశాను. గిన్నెలు తోమి, బట్టలు ఉతికి, ఏం తోచక మీ జెండాలకి రంగులేశాను. అక్కా, వింటున్నావా ఈయన మాటలు?"

"నేను ఆకుపచ్చ వేశానే! నా చేత్తో వేశాను!"

"అయితే అది పారిపోయి ఉంటుంది, మీ కేకలకి."

అతను వినిపించుకోలేదు. ఒక సిపాయిని తీసుకుని, చిన్న కత్తి మొనతో జెండాని కర్ర నుంచి ఒలిచాడు. కర్ర చుట్టూ అతుక్కున్న సన్నటి పట్టీ, ఎండ తగలని చోటు, విప్పి చూశాడు. నేనూ వంగి చూశాను. అక్కడ ఆకుపచ్చగా ఉంది, నిన్న వేసినట్టు.

"పసుపు" అన్నాడు. కిటికీలోంచి పడుతున్న ఎండ వైపు చూశాడు. "పసుపూ నీలం కలిపి వేశాను వదినా. పసుపుని ఎండ తినేసింది. నీలం మిగిలింది."

"కూరగాయల కొట్టు బోర్డు లాగా" అన్నాను.

ఆ మాటకి అతను గోడకి జారగిలబడిపోయాడు. కూరగాయల కొట్టువాడికి ఆకుపచ్చ బోర్డు రాసింది ఇతనే. అది నీలంగా మారితే "ఆకుపచ్చ నిలవదని ముందే చెప్పానా లేదా" అని వాడితో నడివీధిలో తగాదా పెట్టుకున్నదీ ఇతనే. ఏ రంగు ఏ ఎండకి ఎన్నాళ్ళుంటుందో ఊళ్ళో ప్రతి కొట్టువాడికీ పాఠం చెప్పే మనిషి. రాజుగారి జెండాకి కూడా ఎండ తగులుతుందని మాత్రం తట్టలేదు. రాజుగారిది కదా, సూర్యుడు సలాం కొట్టి పక్కకి తప్పుకుంటాడనుకున్నాడో ఏమో!

పుస్తకం తీసి ఫోటో ముందు కూర్చున్నాడు. పట్టుకి ఆకుపచ్చ రావాలంటే అప్పట్లో పసుపులో ఒకసారి, నీలంలో ఒకసారి ముంచేవారట. అంటే మ్యూజియంలో ఉన్నది ఎండకి వెలిసిన జెండా. యుద్ధం నాటి సిపాయిల చేతికి ఇతను రెండున్నర వందల ఏళ్ళు ముసలిదైపోయిన జెండాని ఇవ్వమన్నాడు. డాక్టరుది ఒప్పు. ఇంకా ఘోరం, ఇలా ఫోటోలను నమ్మి నీలం పూసినవి తన సొంత సైన్యంలో సగానికి సగం ఉన్నాయి.

"ఎవరికి తెలుస్తుంది? నేను చెప్పను, అక్క చెప్పదు" అంది మా తోడికోడలు.

అతను నా వైపు చూశాడు. నా నోటి సంగతి అతనికి తెలుసు.

ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు ముసలాయనకి కబురు పంపాడు, డాక్టరుగారిని ఆకుపచ్చ దండుతోనే రమ్మనండి, నేను చూసుకుంటాను అని. ఎలా చూసుకుంటాడో నాకు తర్వాత తెలిసింది. నేను ఆరేసిన బట్టలు తేవడానికి మేడ మీదికి వెళ్తే, అద్దం ముందు నిలబడి చెయ్యి చాపి మాట్లాడుతున్నాడు.

"స్నేహం ముందు జెండా ఎంత! నిలబెట్టుకోండి డాక్టరుగారూ!"

ఒకసారి గంభీరంగా అన్నాడు, ఒకసారి చిరునవ్వుతో అన్నాడు. మూడోసారికి నేనిక ఆపుకోలేకపోయాను.

"బాగుందయ్యా! తప్పు చేసింది నువ్వు, క్షమించేదీ నువ్వేనా?"

ఎర్రబడ్డాడు. తర్వాత మంచం మీద కూలబడ్డాడు. "నువ్వు నవ్వుతావు వదినా. నిజం చెబితే ఇక నా భూతద్దానికి విలువుంటుందా? రేపు నేను దించమంటే ఎవడైనా దించుతాడా? నాకున్నదే అది."

ఈసారి నేను నవ్వలేదు. బట్టలు మడతపెట్టుకుని కిందికి వచ్చేశాను.

యుద్ధం రోజున నేను కూడా వెళ్ళాను. జెండాలు కదలకుండా డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడానికి ఒక మనిషి కావాలి, మా తోడికోడలు చచ్చినా రానంది. వేడుక చూడాలన్న కోరిక నాకూ ఉంది, ఎందుకు దాచడం? హాల్లో సగం అప్పటికే పరుపులు, గోడలకి నిలబెట్టి ఉన్నాయి. మిగతా సగంలో పెద్ద బల్ల, దాని మీద స్పాంజి చెట్లు, అట్టముక్కల ఇళ్ళు. డాక్టరు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు.

"నమస్కారం పెయింటరుగారూ."

"నమస్కారం డాక్టరుగారూ."

రెండు సైన్యాలూ బల్ల అంచుల్లో బారులు తీరాయి. ఎండలో పొలాల్లా ఎన్ని రంగులో! నాకు కూడా ముచ్చటేసింది, అబద్ధమెందుకు చెప్పాలి. మా మరిది భూతద్దం తీసి డాక్టరు వైపు నుంచి తనిఖీ మొదలుపెట్టాడు. ఒక దండు దాటాడు, ఇంకోటి దాటాడు, ఆకుపచ్చ దండు దగ్గర ఆగాడు. డాక్టరు చెవులు ఎర్రగా కాలుతున్నాయి.

మా మరిది జెండాకి దగ్గరగా వంగాడు. ఎంతసేపు చూశాడంటే, ఎవరో కుర్చీ తెచ్చి వెనక పెట్టారు. కూర్చోలేదు. నాకు తర్వాత చెప్పాడు, ఆ అంచుకి కూడా రంగు పూసి ఉందని, సింహం నాలుక తన సింహం నాలుక కన్నా సన్నగా ఉందని.

నిటారుగా నిలబడి చెయ్యి చాపాడు. "స్నేహం ముందు..." అన్నాడు.

ఆగిపోయాడు. మిగతాది నాకు నోటికొచ్చు, కావాలంటే వెనకనుంచి అందించగలను.

"స్నేహం ముందు..." అన్నాడు మళ్ళీ. చాపిన చెయ్యి కిందికి దిగింది. "ఈ జెండా ఒప్పు."

"ఏమిటి?" అన్నాడు డాక్టరు.

"ఒప్పు. ఆకుపచ్చే. ఆ రోజు కూడా ఒప్పే. తప్పని చెప్పింది నేను."

ఇక ఎవరి మొహమూ చూడకుండా బల్ల చుట్టూ తిరిగి తన సైన్యం వైపు వచ్చాడు. తన దండుల మీదికి వంగి భూతద్దం పెట్టాడు. "దించండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. అవి అతనివే మరి!

"నావే. దించండి. ఇదీ, దీని పక్కదీ, ఆ చివర బారంతా. జెండా తప్పు."

జేబులోంచి ఆ ఒలిచిన జెండా తీసి డాక్టరు చేతిలో పెట్టాడు. డాక్టరు దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు, లోపలి పట్టీ చూశాడు, పైన చూశాడు, ఎండ అన్న మాట తనే అన్నాడు. అనేసి ఒక పరుపు మీద చతికిలబడ్డాడు. ఇక మెచ్చుకుంటాడు, కౌగిలించుకుంటాడు అనుకుని నేను కొంగు సర్దుకున్నాను. ఎక్కడి కౌగిలి!

"ఒరేయ్, బుద్ధుందా నీకు?" అని లేచాడు. "ఇన్నేళ్ళూ నిన్ను చితక్కొట్టాలని పళ్ళు పీకుతూ కూర్చున్నాను. ఇప్పుడు సగం సైన్యం దించేసి నిలబడతావా? సగం మనిషిని కొట్టి నేనేం గెలిచినట్టురా? పెట్టు! అన్నీ పైన పెట్టు!"

"జెండా తప్పురా."

"తప్పయితే నాకు ఒప్పే. పెట్టు!"

"రూలు రూలే."

"నీ రూలు నీ నెత్తిన కొట్టుకో!"

"ఎవరు పోయారు?" అని నన్నడిగాడు గడియారాల ముసలాయన, ఇద్దరి కళ్ళలో నీళ్ళు చూసి.

"ఎవరూ పోలేదండీ. ఒకాయన తిరిగొచ్చాడు" అని ఆయన చెవిలో అరిచాను.

చివరికి సగం సైన్యంతోనే ఆడాడు మా మరిది. మెత్తగా నలిగిపోయాడు. డాక్టరు గుర్రాలు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు తొక్కేశాయి. ఒక్క ముచ్చట మాత్రం జరిగింది. ఇంత రభసకీ కారణమైన ఆ ఆకుపచ్చ దండు, మొదటి పాచికకే జెండా ఎత్తుకుని పారిపోయింది. డాక్టరు పాచికని తిట్టిన తిట్లు మా ఆయనకి కూడా రావు. మా మరిది నవ్వి నవ్వి బల్ల పట్టుకున్నాడు, రెండు దవడలూ కనపడేలా.

యుద్ధం అయ్యాక భూతద్దం తీసి బల్ల మధ్యలో పెట్టాడు. ఇక నాకు తగదు, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోండి అన్నాడు. ఎవరూ ముట్టుకోలేదు. అందరూ గోళ్ళు చూసుకుంటున్నారు. డాక్టరు వెళ్ళి దాన్ని తీసుకున్నాడు, కంటికి బిగించుకున్నాడు, బల్ల మీద మిగిలిన మా మరిది దండుల మీదికి వంగాడు.

"ఒరేయ్, ఈ ఎరుపు కూడా ఫోటో చూసి వేసిందేనా?"

"అవును, ఏం?"

"నాకు అనుమానంగా ఉంది. ఇటు రా, చూడు."

ఒకే భూతద్దం ముందు రెండు తలకాయలు. పరుపులు మోసే కూలీలు వచ్చి తప్పుకోమనేదాకా అలాగే ఉన్నారు.

హాలు పోయింది కనుక ఇప్పుడు మకాం కింద మా వాటాలోకి మారింది. జెండా ఆకుపచ్చ అని తేలింది సరే, ఏ ఆకుపచ్చ? లేత చిగురా, ముదురాకా, పాచి రంగా? దీని మీద రోజూ సాయంత్రం పోట్లాట. మా పడకగది కిటికీకి ఎండ బాగా తగులుతుందని కనిపెట్టి, రకరకాల ఆకుపచ్చ చీటీలు దాని నిండా అతికించారు, ఏది ముందు నీలంగా మారుతుందో చూడాలట. గదిలో పట్టపగలు కూడా నీళ్ళడుగున ఉన్నట్టుంది. మొన్న మధ్యాహ్నం కునుకు తీద్దామని తెర లాగాను. బయట నుంచి రెండు గొంతులు ఒకేసారి లేచాయి.

"తెర తియ్యి వదినా!"

తీశాను. డాక్టరు నాకు ఎప్పుడు మరిది అయ్యాడో మాత్రం అడగలేదు.